ఫోన్‌లో జాగా ఎక్కడికి పోతుంది?

ఈసారి సంచికకి మన బ్రాంచిలో చదివేది ఏదైనా తెలుగులో పాఠంలా రాయమన్నారు. పాయింటర్ల గురించో, స్టాక్‌ల గురించో రాస్తే మా బెంచి వాళ్ళు ముగ్గురే చదువుతారు. అందుకని అందరికీ తగిలే టాపిక్ తీసుకున్నాను: ఫోన్‌లో జాగా. ‘స్టోరేజ్ నిండిపోయింది’ అని నోటిఫికేషన్ వస్తుంది, మనం కూర్చుని ఏ ఫొటో తీసెయ్యాలా అని వెతుక్కుంటాం. దాని గురించే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ విషయంలో ఎవరిని అడిగినా ఒకటే అంటారు: ‘అనవసరమైనవన్నీ ఎందుకు దాచుకుంటావు, తీసెయ్’. అంటే తప్పు మనదే అని, మనకి పొదుపు తెలీదని. నాకు ఈ మాట నచ్చదు. ఫోన్ ఎప్పుడు నిండాలో చాలావరకు కొన్న రోజే, షాపులో, అట్టపెట్టె మీద అంకె చూసి డబ్బులు కట్టినప్పుడే తేలిపోతుంది. చాలా ఫోన్లలో ఆ తర్వాత పెంచుకునే దారి లేదు. ప్రాసెసర్ చిన్నదైతే ఫోన్ నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక పడతాం. స్టోరేజ్ చిన్నదైతే మాత్రం మన దగ్గర ఉన్నదాన్నే పారెయ్యాలి. తేడా అక్కడ ఉంది.

పెట్టె మీద అంకె, చేతికొచ్చే అంకె

ఫోన్లు, కార్డులు అమ్మేవాళ్ళు ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కేస్తారు. మనం ఫస్టియర్‌లో నేర్చుకున్న లెక్క వేరు: 1024ని మూడుసార్లు గుణిస్తే 107 కోట్ల పైచిలుకు వస్తుంది. విండోస్ ఈ రెండో లెక్కనే చూపిస్తుంది. అందుకే 64 జీబీ పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌కి పెడితే 59.6 అంటుంది, 128ది పెడితే 119.2 అంటుంది. ఇందులో మోసం లేదు. రెండు కొలతలకి ఒకటే పేరు, అంతే. ఒక్కో ఊళ్ళో కుంచం ఒక్కోలా ఉండేదట కదా, అలాంటిదే.

అసలు కోత సిస్టమ్‌ది. 2013లో గెలాక్సీ ఎస్4 వచ్చినప్పుడు 16 జీబీ మోడల్ కొన్నవాళ్ళ చేతికి సుమారు 9 జీబీ మాత్రమే వచ్చింది, మిగతాదంతా ఆండ్రాయిడ్, కంపెనీ సొంత యాప్‌లు ఆక్రమించాయి. బ్రిటన్‌లో ఆ గొడవ బీబీసీ వాచ్‌డాగ్ కార్యక్రమం దాకా వెళ్ళింది. తర్వాతి ఏడాది ఐఓఎస్ 8 అప్‌డేట్ ఫోన్‌లోనే వేసుకోవాలంటే 4.5 జీబీకి పైగా ఖాళీ కావాల్సొచ్చింది. 16 జీబీ ఐఫోన్ వాళ్ళకి అంత ఖాళీ ఎక్కడిది? చాలామంది అప్‌డేట్ మానేశారు. 2015లో ఐఓఎస్ 9కి ఆ అవసరాన్ని 1.3 జీబీకి తగ్గించారు. తగ్గించడం చేతనైన పనేనని దీంతో తెలుస్తోంది కదా.

అన్ని కోతలూ దండగవి కావు. 2016లో ఆండ్రాయిడ్ 7తో ఏ/బీ పద్ధతి వచ్చింది. అందులో సిస్టమ్ రెండు కాపీలు ఉంటాయి. ఒకటి నడుస్తుండగా రెండోదాని మీద అప్‌డేట్ వేస్తారు, అది చెడిపోతే పాతదానితో ఫోన్ లేస్తుంది. దీనికి జాగా ఖర్చవుతుంది, కానీ అప్‌డేట్ మధ్యలో ఫోన్ చచ్చిపోదు. నన్నడిగితే ఇది న్యాయమైన బేరమే.

కల్లాపి చల్లకుండా ముగ్గు మార్చలేం

నిండిపోయిన ఫోన్ ఎందుకు నత్తలా నడుస్తుంది? దీనికి చిప్ లోపలికి వెళ్ళాలి.

ఫోన్‌లో ఉండేది నాండ్ ఫ్లాష్. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఓకా అనే ఇంజనీరు 1980లలో ఫ్లాష్ మెమరీ కనిపెట్టారు. నాండ్ రకం 1987లో బయటికొచ్చింది. చెరపడం ఒక్క దెబ్బలో అయిపోతుంది కాబట్టి కెమెరా ఫ్లాష్‌లా ఉందని తోటి ఉద్యోగి ఒకరు ఆ పేరు పెట్టారు. పేరులోనే దాని బలం, బలహీనత రెండూ ఉన్నాయి. ఎందుకంటే అది ఒక్క దెబ్బలో మాత్రమే చెరపగలదు, కొంచెం కొంచెం చెరపలేదు.

ఇంటి ముందు వాకిలి ఊహించుకోండి. కల్లాపి చల్లి ఆరిన నేల మీద ముగ్గు వేయొచ్చు, పక్కన ఖాళీ ఉంటే ఇంకో ముగ్గు కూడా వేయొచ్చు. కానీ వేసిన ముగ్గులో ఒక గీత మార్చాలంటే? చేత్తో తుడిస్తే మరక మిగులుతుంది. వాకిలి మొత్తం ఊడ్చి మళ్ళీ కల్లాపి చల్లాల్సిందే. నాండ్‌లో కూడా ఇంతే. రాయడం పేజీ లెక్కన, అంటే సాధారణంగా 4 నుంచి 16 కేబీ చొప్పున. చెరపడం మాత్రం బ్లాక్ లెక్కన. ఒక బ్లాక్‌లో పేజీలు వందల్లో ఉంటాయి. మీరు ఒక నోట్‌లో ఒక్క అక్షరం మార్చినా, పాతచోటే దిద్దడం కుదరదు. చిప్‌లోని కంట్రోలర్ కొత్త వెర్షన్‌ని వేరే ఖాళీ పేజీలో రాసి, పాతదాని మీద ‘ఇది చెల్లదు’ అని గుర్తు పెట్టుకుంటుంది. అలా చెల్లని పేజీలు పోగయ్యాక, ఆ బ్లాక్‌లో ఇంకా చెల్లేవాటిని ఇంకో వాకిట్లోకి మోసుకెళ్ళి, అప్పుడు ఇక్కడ కల్లాపి చల్లుతుంది.

ఇప్పుడు ఊరంతా ముగ్గులతో నిండిపోయి ఒక్క వాకిలే ఖాళీగా ఉందనుకోండి. ఒక్క చిన్న ముగ్గు వెయ్యాలన్నా ముందు సర్దుడు, మోత, ఊడ్పు. నిండిన ఫోన్‌లో కెమెరా నొక్కితే రెండు సెకన్లు బిగుసుకుపోవడం వెనక ఇది కూడా ఉంటుంది. 2012 నెక్సస్ 7 ట్యాబ్లెట్ వాడిన కొద్దీ భరించలేనంత నెమ్మదించింది. ఏ పేజీలు ఇక అక్కర్లేదో ఆండ్రాయిడ్ చిప్‌కి సరిగ్గా చెప్పకపోవడం దానికి ఒక కారణం. 2013లో ఆండ్రాయిడ్ 4.3 ఆ పని మొదలుపెట్టాక పరిస్థితి మెరుగైంది. ట్రిమ్ అని మన ఓఎస్ సిలబస్‌లో ఒక్క లైన్‌లో వచ్చేది ఇదే.

ఇంకో సంగతి, కల్లాపి చల్లినప్పుడల్లా నేల కొంచెం అరుగుతుంది. సెల్‌లో ఎలక్ట్రాన్లని బంధించే పొర దెబ్బతింటుంది. సెల్‌ని గ్లాసు అనుకుంటే, మొదట్లో నీళ్ళు ఉన్నాయా లేవా అని మాత్రమే చూసేవారు, అది ఒక బిట్. ఇప్పుడు ఫోన్లలో ఎక్కువగా ఉండే టీఎల్‌సీలో అదే గ్లాసుకి ఎనిమిది మట్టాలు గుర్తిస్తారు, మూడు బిట్లు. క్యూఎల్‌సీలో పదహారు. అలా ఒకే చిప్‌లో ఎక్కువ పట్టింది, ధర తగ్గింది. కానీ గీతలు దగ్గరైన కొద్దీ ఏ గీత దగ్గరుందో తేల్చడం కష్టం, అరుగుదల కూడా తొందరగా తెలుస్తుంది. ఒక బిట్ సెల్ సుమారు లక్షసార్లు చెరిపినా తట్టుకునేది, మూడు బిట్లది వేలల్లోనే ఆగిపోతుంది. అందుకని కంట్రోలర్ ఒకే వాకిలి అరగకుండా అన్నీ వంతులవారీగా వాడుతుంది. దీనికీ ఖాళీ కావాలి. పది పదిహేను శాతం ఖాళీ ఉంచమని సీనియర్లు చెప్పేది ఊరికే కాదు.

కార్డు స్లాట్ కథ

‘మరి మెమరీ కార్డు వేసుకుంటే సరిపోయేది కదా’ అని నాన్నల తరం వాళ్ళు అడుగుతారు. ఒకప్పుడు నిజంగానే సరిపోయేది. 2011లో మన దగ్గర ఇంటికొకటి అన్నట్టు కనిపించిన గెలాక్సీ వైలో వాడుకోవడానికి దొరికేది సుమారు 180 ఎంబీ. అవును, ఎంబీనే. కానీ 32 జీబీ దాకా కార్డు పట్టేది. 2010లో ఆండ్రాయిడ్ 2.2 యాప్‌లని కూడా కార్డు మీదకి పంపే వీలిచ్చింది. ఇల్లు చిన్నదైనా పెద్ద అటక ఉన్నట్టు.

తర్వాత ఆ అటక ఒక్కో మెట్టూ ఎత్తుకుపోయారు. 2013లో ఆండ్రాయిడ్ 4.4 వచ్చాక మామూలు యాప్‌లు కార్డు మీద తమ సొంత ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా రాయలేకపోయాయి. నెక్సస్ ఫోన్లలో మొదటిదానికి తప్ప స్లాట్ లేదు. ఐఫోన్‌కి ఎప్పుడూ లేదు. గెలాక్సీ ఎస్ వరుసలో 2015లో ఎస్6తో తీసేశారు, జనం గోల చేస్తే 2016లో ఎస్7లో తిరిగి పెట్టారు, 2021లో ఎస్21తో మళ్ళీ తీసేశారు.

కారణాలు చెప్తారు, కొన్ని నిజమైనవే. ఒకటి వేగం. కార్డుల్లో ఎక్కువ వాడే యూహెచ్ఎస్-1 దారి గరిష్ఠంగా సెకనుకి 104 ఎంబీ. ఫోన్ లోపలి ఈఎంఎంసీ 5.1 చదవడంలో దానికి రెట్టింపు దాటుతుంది, యూఎఫ్ఎస్ 2.1 అయితే 800 ఎంబీ పైనే. పైగా ఈఎంఎంసీ ఒకసారికి చదవడమో రాయడమో ఏదో ఒకటే చేస్తుంది, ఒక బండి పట్టే వంతెనలా. యూఎఫ్ఎస్‌లో రెండు దిక్కులా బండ్లు పోతాయి. అలాంటి చోట పెరిగిన యాప్‌ని తీసుకెళ్ళి కార్డు మీద కూర్చోబెడితే కుంటుతుంది. రెండోది భద్రత. కార్డుల మీద ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లకి ‘ఈ ఫైలు ఎవరిది, ఎవరు చదవొచ్చు’ అనే యునిక్స్ తరహా అనుమతులు తెలీవు. కార్డు తీసి ఇంకో ఫోన్‌లో పెడితే అన్నీ బయటే.

నీళ్ళు దూరకుండా ఉండాలంటే స్లాట్ ఉండకూడదు అని మూడో కారణం చెప్తుంటారు. ఇది మాత్రం నేను ఒప్పుకోను. గెలాక్సీ ఎస్7లో కార్డు స్లాట్ ఉంది, ఐపీ68 రేటింగూ ఉంది.

చెప్పని కారణం ధరల పట్టికలో కనిపిస్తుంది. 2014లో ఐఫోన్ 6 అమెరికాలో 16 జీబీ 649 డాలర్లు, 64 జీబీ 749, 128 జీబీ 849. మధ్యలో 32 ఏదీ? కావాలనే లేదు. కింది మెట్టు ఇరుకుగా ఉంటే, ‘ఇంకో వంద పెడితే నాలుగు రెట్లు వస్తుంది కదా’ అని కొనేవాడే పైమెట్టు ఎక్కుతాడు. ఆ మెట్లన్నీ పనిచెయ్యాలంటే పక్కన చవగ్గా దొరికే కార్డు ఉండకూడదు. వేగం, భద్రత అబద్ధాలని నేను అనట్లేదు. ఆ కారణాలు ఈ లాభానికి బాగా కలిసొచ్చాయి అంటున్నాను.

మన దగ్గర చవక ఫోన్లలో స్లాట్ ఇంకా ఉంది, కానీ చాలావాటిలో హైబ్రిడ్. రెండో సిమ్ పెడతారా, కార్డు పెడతారా తేల్చుకోవాలి. ఊళ్ళో ఒక నెట్‌వర్క్, ఆఫీసులో ఒక నెట్‌వర్క్ అందేవాళ్ళకి ఇది మామూలు చిక్కు కాదు. సిమ్ చిప్‌ని వేడి చేసి ఊడదీసి కార్డు మీద జిగురుతో అతికించి రెండూ ఒకేచోట తోసే వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. అవసరం మనిషితో ఎంత పనైనా చేయిస్తుంది. మీరు మాత్రం చెయ్యకండి, ట్రే బయటికి రాదు.

కార్డు వాడేవాళ్ళు ఒక్క విషయం తప్పక తెలుసుకోవాలి. 2015లో ఆండ్రాయిడ్ 6 ‘అడాప్టబుల్ స్టోరేజ్’ తెచ్చింది. కార్డు పెట్టగానే ‘ఇంటర్నల్‌గా వాడమంటారా, పోర్టబుల్‌గానా’ అని కొన్ని ఫోన్లు అడిగేది దానివల్లే. ఇంటర్నల్ అంటే కార్డు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, తాళంచెవి ఫోన్ లోపలే ఉంటుంది. మా పెద్దనాన్న ఫోన్ బోర్డు పోయినప్పుడు ‘కార్డు బాగానే ఉందిగా, ఫొటోలెక్కడికీ పోవు’ అని ఇంట్లో అందరూ ధైర్యంగా ఉన్నారు. కార్డు నిజంగానే బాగుంది. తాళంచెవి మాత్రం చచ్చిన బోర్డులో ఉండిపోయింది. అక్క పెళ్ళికి ముందు ఊళ్ళో తీసిన వీడియోలన్నీ ఆ కార్డులోనే ఉన్నాయి, ఎవరూ చూడలేరు. పోర్టబుల్‌గా పెట్టుకుంటే యాప్‌లు అందులోకి వెళ్ళవు, కానీ ఫోన్ పోయినా కార్డు తీసి ఎక్కడైనా చూసుకోవచ్చు.

బజార్లో, ఆన్‌లైన్‌లో దొరికే చవక ‘1 టీబీ’ కార్డులతో కూడా జాగ్రత్త. నకిలీ కార్డు కంట్రోలర్ ఉన్న సైజు చెప్పదు, లేనిది చెప్తుంది. నిజం సైజు దాటాక కొత్తవి పాతవాటి మీద పడిపోతాయి, లేదా గాలిలో కలుస్తాయి. కొనగానే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం రాసి, తిరిగి చదివించి చూడండి. గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకోండి.

శుభోదయం

2014 సెప్టెంబరులో ఆండ్రాయిడ్ వన్ ఫోన్లు మొదటగా మన దేశంలోనే వచ్చాయి. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్, మూడింట్లోనూ లోపలి స్టోరేజ్ 4 జీబీ. రెండేళ్ళకి, 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా నీళ్ళలా పారింది. పంపు పెద్దదైంది, తొట్టె మాత్రం చిన్నదే. 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ దీని మీద కథనం రాసింది. పొద్దున్నే పంపుకునే గుడ్ మార్నింగ్ బొమ్మలతో భారతీయుల ఫోన్లు నిండిపోతున్నాయట, వెస్ట్రన్ డిజిటల్ లెక్క ప్రకారం ఇక్కడ ప్రతి ముగ్గురిలో ఒకరి ఫోన్ రోజూ నిండుతోందట, అమెరికాలో పదిమందిలో ఒకరిదట. అంతకు నెల ముందే గూగుల్ ‘ఫైల్స్ గో’ యాప్ తెచ్చింది, ఆ బొమ్మల్ని గుర్తుపట్టి తీసెయ్యడానికి.

ఆ వార్త చదివి చాలామంది నవ్వుకున్నారు. నాకు అందులో పూర్తి న్యాయం కనిపించలేదు. మా పిన్ని రోజూ ఆరున్నరకి అమ్మకి పువ్వుల మీద ‘శుభోదయం’ అని ఉన్న బొమ్మ పంపుతుంది. ఏడున్నర దాకా రాకపోతే అమ్మ ఫోన్ చేస్తుంది, ‘ఏమే, ఒంట్లో బాగోలేదా?’ అని. అది బొమ్మ కాదు, హాజరు. కాకపోతే హాజరు పలికాక దాని పని అయిపోయింది. సాయంత్రానికి తీసేసినా ఎవరికీ నష్టం లేదు.

సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మ ఫోన్ ఖాళీ చెయ్యడం నా డ్యూటీ. 32 జీబీ ఫోన్ అది. అమ్మ అప్పటికే తనంతట తను తీసెయ్యడం మొదలుపెడుతుంది, చాట్‌లో పైనుంచి కిందకి ఒక్కొక్కటీ నొక్కుతూ. అలా చేస్తే ముందు పోయేవి చిన్నవి, పాతవి. ఒకసారి వాయిస్ నోట్ల వరుస మీద వేలు పెట్టి, ‘ఇవి తీసేస్తే ఎంతొస్తుందే?’ అంది. అవి అమ్మమ్మవి. తనకి టైపింగ్ రాదు, ఏదైనా మాటలోనే పంపేది. ఇప్పుడు అమ్మమ్మ లేదు.

ఇక్కడ లెక్క తెలిసి ఉండటం అవసరం. నిమిషం వాయిస్ నోట్ రెండు మూడు వందల కేబీ కూడా దాటదు. వీడియో అలా కాదు, ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లోనే రాసి ఉంటుంది: మామూలు 1080పీ నిమిషానికి 60 ఎంబీ, 4కే అయితే 170 ఎంబీ. అంటే ఒక్క నిమిషం 4కే వీడియో ఐదొందల నిమిషాల అమ్మమ్మ మాటలకంటే ఎక్కువ తింటుంది. నిండిన ఫోన్ ముందు కంగారుగా కూర్చున్న మనిషికి ఫైళ్ళు కనిపిస్తాయి కానీ బరువులు కనిపించవు. అందుకే ఎప్పుడూ సైజు వారీగా పేర్చి పైనుంచి చూడాలి. వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్ అని వెళ్తే 5 ఎంబీ దాటినవి విడిగా చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో మనం పంపిన ఫొటోలకి ‘సెంట్’ అనే ఫోల్డర్‌లో ఇంకో కాపీ మిగులుతుంది, అసలుది గ్యాలరీలో ఉండగానే. నిర్భయంగా తీసెయ్యొచ్చు. గ్యాలరీలో తీసేసినవి సాధారణంగా 30 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి, బుట్ట ఖాళీ చేసేదాకా జాగా రాదు. మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే చాలామంది ఇంట్లో సగం గొడవ తీరిపోతుంది.

క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా అంటారు. పెట్టొచ్చు, కానీ అది అద్దె ఇల్లు. గూగుల్ ఫొటోస్ అపరిమిత ఉచితం 2021 జూన్ 1తో ఆగిపోయింది, ఇప్పుడు మెయిల్‌తో కలిపి 15 జీబీనే. 2024 నుంచి ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15లోనే లెక్క. నెలనెలా కట్టగలిగితే మంచిదే. ఇంట్లో ఒక పాత హార్డ్ డిస్క్ ఉంటే దాన్నీ వాడుకోండి.

ఇంట్లో వాళ్ళకి కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్ళ దగ్గర ఆగిపోకుండా స్పెసిఫికేషన్లలో మూడు చూడండి: స్టోరేజ్ ఈఎంఎంసీనా యూఎఫ్ఎస్సా, స్లాట్ ఉంటే విడిదా హైబ్రిడ్డా, షోరూమ్‌లో పెట్టిన డెమో ఫోన్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ ఎంత తిన్నదో. మూడోది సేల్స్‌మన్ చెప్పడు, కానీ చూస్తానంటే వద్దనడు.

వాయిస్ నోట్లు కాపీ చేసుకోవాలనుకునేవాళ్ళకి: ఆండ్రాయిడ్ ఫోన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి, వాట్సాప్ మీడియా ఫోల్డర్‌లో ‘వాయిస్ నోట్స్’ చూడండి. ఓపస్ ఫైళ్ళు ఉంటాయి. పేరులో తేదీ ఉంటుంది కానీ పంపినవాళ్ళ పేరు ఉండదు, కాబట్టి ఎవరివో విని తేల్చుకోవాలి. అమ్మా నేనూ రెండు మధ్యాహ్నాలు కూర్చుని విన్నాం. అమ్మమ్మవి 412 తేలాయి. మొత్తం 61 ఎంబీ.